స్థానికత, సమానత, విచారణ: తెలుగునాట సర్కారు కొలువుల చరిత్ర

సూరత్ నగరానికి దక్షిణంగా, పాండేసరా, ఉధనా పారిశ్రామిక వాడల పొరుగున ఉన్న బమ్రోలి మరమగ్గాల ప్రాంతం. తెలంగాణ జిల్లాల నుండి బయలుదేరిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా సూరత్‌లో స్థిరపడినవి. ఆ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా భాషలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. అటువంటి పాఠశాలలో తెలుగు అక్షరాలు దిద్దుకొని, సూరత్‌లోనే చదువు ముగించిన నేత కార్మికుని కుమారుడు తెలంగాణలో ఒక గుమాస్తా కొలువుకు దరఖాస్తు పెట్టుకొన్నాడనుకొందాము. అతని ఇంటి భాష తెలుగు, తాతల ఊరు తెలంగాణలోనిది. అయినా నియామకపు లెక్కలో అతడు ఏ జిల్లాకూ 'స్థానికుడు' కాడు. ఏ తెలుగు జిల్లాలోనూ అతనికి స్థానిక వాటా దక్కదు.

ఈ నిబంధన ఒక అధికారి కలము నుండి ఊడిపడినది కాదు. దాని వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. అందులో నిజాం ఫర్మానాలు, మద్రాసు ప్రభుత్వపు ఉత్తర్వులు, విద్యార్థుల నెత్తురు, సుప్రీంకోర్టు తీర్పులు, రాజ్యాంగ సవరణలు ఉన్నవి. సర్కారు కొలువులో అందరికీ సమానావకాశం ఉండవలెనన్న సూత్రాన్ని కాదన్నవారు అరుదు. 'అందరూ' అనగా ఎవరు, అన్యాయం జరిగినదని ఒకడు ఫిర్యాదు చేసినప్పుడు దానిని వినవలసినది ఎవరు అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తెలుగునాట ఈ చరిత్ర నడిచినది.

ముల్కీలు, గైర్ ముల్కీలు

హైదరాబాదు రాజ్యంలో 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ పాలనను ఆధునీకరించే క్రమంలో ఉత్తర హిందుస్థానం నుండి విద్యావంతులను రప్పించి పెద్ద పదవులలో నియమించెను. పాలన మెరుగుపడినది. అయితే రాజ్యంలో పుట్టి పెరిగినవారికి ఉన్నత పదవులు అందకపోవుటతో 'ముల్కీ', 'గైర్ ముల్కీ' అన్న విభజన అక్కడి ప్రజాజీవితంలో వేళ్ళూనినది. 'ముల్క్' అనగా దేశము. ముల్కీ అనగా దేశీయుడు.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1919లో జారీ చేసిన ఫర్మానా ఈ విభజనకు చట్టరూపమిచ్చెను. దాని ప్రకారం రాజ్యంలో పుట్టిన ప్రజ ముల్కీ. పదిహేనేళ్ళు నిరంతరంగా నివసించి, స్వస్థలానికి తిరిగిపోయే ఆలోచన విడిచిపెట్టితినని ప్రమాణ పత్రం దాఖలు చేసినవాడూ ముల్కీయే. ప్రత్యేక అనుమతి లేనిదే ముల్కీ కానివారిని కొలువులోనికి తీసుకొనరాదు. ఇక్కడ ఒక అంశం గమనార్హం. ముల్కీ నియమం పుట్టుకనే ఏకైక కొలతగా తీసుకొనలేదు. వచ్చి స్థిరపడినవానికీ తలుపు తెరచి ఉంచినది. ఆ తలుపు దాటుటకు కావలసిన ధ్రువపత్రం సంపాదించుట ఎవరికి సులభం, ఎవరికి కష్టం అన్నదే తరువాతి కాలపు తగాదాలకు మూలమైనది.

1948లో హైదరాబాదు భారతదేశంలో విలీనమైన పిమ్మట, పాలనను నిలబెట్టుటకు బయటి ప్రాంతాల నుండి అధికారులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు వచ్చిరి. వారిలో మద్రాసు రాష్ట్రపు తెలుగువారు అనేకులు. బూటకపు ముల్కీ ధ్రువపత్రాలతో కొలువులు పొందుచున్నారన్న ఆరోపణ గ్రామగ్రామాన వినవచ్చెను. 1952లో వరంగల్లులో రగిలిన విద్యార్థుల ఆందోళన హైదరాబాదుకు పాకినది. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కళాశాల పరిసరాలలో పోలీసు కాల్పులు జరిగి విద్యార్థులు, పౌరులు ప్రాణాలు కోల్పోయిరి. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి చేత విచారణ జరిపించినది. కాల్పులపై విచారణ జరిగినది గాని, కాల్పులకు దారితీసిన కొలువుల ఫిర్యాదును వినుటకు శాశ్వతమైన వేదిక అప్పటికి ఏర్పడలేదు.

మద్రాసులో మరొక లెక్క

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు పాలనలో ఉన్న కాలంలో సమస్య నివాసానిది కాదు, కులానిది. ఉద్యోగాలలో బ్రాహ్మణుల ఆధిక్యాన్ని ప్రశ్నించుచు పుట్టిన జస్టిస్ పార్టీ 1920లో అధికారానికి వచ్చినది. 1921 నుండి 1926 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్లు రాజా, అనగా పానగంటి రామరాయణింగారు తెలుగువాడు. ఆయన ప్రభుత్వం 1921లో వెలువరించిన ఉత్తర్వు వివిధ వర్గాలకు కొలువులలో వాటా కల్పించే విధానానికి నాంది. చరిత్రలో అది 'కమ్యూనల్ జీవో'గా ప్రసిద్ధమైనది.

రాజ్యాంగం అమలులోనికి వచ్చిన వెంటనే ఆ పద్ధతి పరీక్షకు నిలిచినది. మద్రాసు రాష్ట్రం 83 జిల్లా మునసబు పోస్టులను హరిజనులకు 19, ముస్లిములకు 5, క్రైస్తవులకు 6, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతర హిందువులకు 32, బ్రాహ్మణులకు 11గా పంచెను. దీనిని సవాలు చేసిన బి. వెంకటరమణ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్ 9న తీర్పు చెప్పెను. హరిజనులకు, వెనుకబడిన హిందువులకు ఉద్దేశించిన కేటాయింపు రాజ్యాంగపు 16(4)వ అధికరణం కిందకు వచ్చునని, తక్కిన పంపకం కులం కారణంగానే అర్హుని తిరస్కరించుటయని న్యాయస్థానం తేల్చినది. వెనుకబాటును సరిదిద్దుటకు చేసే కేటాయింపు వేరు, ఉన్న కొలువులన్నిటినీ కులాలవారీగా గిరిగీసి పంచుట వేరు అన్న విచక్షణ నాడే ఏర్పడినది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత అనంతరామన్ కమిషన్ నివేదికపై 1970లో వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి వర్గాలుగా విభజించి 25 శాతం కేటాయించిరి. 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. ఎ, బి, సి, డి వర్గీకరణ నేటికీ తెలుగునాట కొలువుల ప్రకటనలన్నిటిలో కనిపించే మాట.

ఒప్పందం, చట్టం, అగ్ని

1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు ఆంధ్రుల పక్షాన, బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు తెలంగాణ పక్షాన సంతకం చేసిరి. రెండు ప్రాంతాలు ఒకే రాష్ట్రమగుటకు పెట్టుకొన్న షరతులలో కొలువుల రక్షణ ముఖ్యమైనది. అంతకు ముందే ఫజల్ అలీ సంఘపు నివేదిక, చదువులో ముందున్న కోస్తావారు తమ కొలువులను ఆక్రమింతురన్న భయం తెలంగాణలో ఉన్నదని నమోదు చేసి ఉన్నది.

ఇక్కడ రాజ్యాంగం ఒక చిక్కు తెచ్చినది. 16(2)వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టినచోటు, నివాసం అను వాటిలో దేనినిబట్టీ సర్కారు కొలువులో వివక్ష చూపరాదని శాసించినది. 16(3) మాత్రం నివాసపు షరతు పెట్టే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చినది, రాష్ట్ర శాసనసభకు ఇవ్వలేదు. అందుచేత పార్లమెంటు 1957లో ప్రభుత్వోద్యోగ నివాసార్హత చట్టం చేసెను. దాని కింద 1959లో వచ్చిన నియమాలు తెలంగాణలోని కింది స్థాయి కొలువులకు పదిహేనేళ్ళ నివాసాన్ని అర్హతగా నిర్ణయించినవి.

కాగితంపై రక్షణ ఉన్నది. ఆచరణలో అది సడలినదన్న ఫిర్యాదుతో 1969 జనవరిలో పాల్వంచ, ఖమ్మం ప్రాంతాలలో మొదలైన ఆందోళన తెలంగాణ అంతటా వ్యాపించినది. ప్రభుత్వం జనవరి 21న 36వ నంబరు ఉత్తర్వు ఇచ్చి, నియమాలకు విరుద్ధంగా తెలంగాణ కొలువులలో ఉన్న స్థానికేతరులను ఫిబ్రవరి 28లోగా తొలగింపవలెనని ఆదేశించినది. దానిని స్థానికేతర ఉద్యోగులు న్యాయస్థానంలో సవాలు చేసిరి. ఎ.వి.ఎస్. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు 1969 మార్చి 28న 1957 చట్టపు మూడవ సెక్షనును తెలంగాణకు వర్తించినంతవరకు కొట్టివేసెను. పార్లమెంటు ఒక రాష్ట్రం మొత్తానికి నివాసార్హత పెట్టవచ్చును గాని, రాష్ట్రంలోని ఒక భాగానికి పెట్టజాలదన్నది ఆ తీర్పు సారాంశం. ఆనాటి ఉద్యమంలో మూడు వందల అరవైకి పైగా ప్రాణాలు పోయినవని ఉద్యమ చరిత్రలు చెప్పుచున్నవి. రాజ్యాంగపరమైన రక్షణలకు మార్గం చూపుమని కేంద్రం జస్టిస్ వాంఛూ అధ్యక్షతన న్యాయనిపుణుల సంఘాన్ని నియమించినది.

మూడేళ్ళకు తక్కెడ మరొకవైపు మొగ్గినది. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, నిజాం కాలపు ముల్కీ నియమాలు రాజ్యాంగపు 35(బి) అధికరణం వలన సజీవంగానే ఉన్నవని తీర్పు చెప్పినది. రాజధానిలోనే పరాయివారమైతిమన్న ఆవేదనతో కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగినది. అక్కడా ప్రాణాలు పోయినవి. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు మంత్రివర్గం తప్పుకొని, రాష్ట్రపతి పాలన వచ్చినది. ఒక తీర్పు ఒక ప్రాంతాన్ని, మరొక తీర్పు మరొక ప్రాంతాన్ని వీధికి తెచ్చినది. రెండు వైపుల వారూ కోరినది ఒక్కటే: తమ బిడ్డకు కొలువులో న్యాయమైన అవకాశం. ఇరువురికీ నమ్మకమున్న విచారణ వేదిక లేకపోవుటయే ఆ ఆవేదనను అగ్నిగా మార్చినది.

ఆరు సూత్రాలలో నాలుగవది

1973 సెప్టెంబరు 21న వెలువడిన ఆరు సూత్రాల పథకం పేరు ఎరుగనివారు తక్కువ. దానిలో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే మూడవ సూత్రాన్ని అందరూ చర్చింతురు. నాలుగవ సూత్రం అంతగా స్మరణకు రాదు. నియామకాలు, సీనియారిటీ, ప్రమోషన్లు, తత్సంబంధమైన విషయాలలో ఉద్యోగుల ఫిర్యాదులను విచారించుటకు ఉన్నతాధికారం గల పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పరుపవలెనని, దాని నిర్ణయాలు సాధారణంగా ప్రభుత్వాన్ని బద్ధం చేయవలెనని ఆ సూత్రం పేర్కొన్నది. రక్షణ కల్పించిన చోటనే ఫిర్యాదు వినే పీఠాన్నీ కల్పింపవలెనని గ్రహించుట ఆ పథకపు వివేకం. 'సాధారణంగా' అన్న ఒక్క మాటలో దాని బలహీనత దాగి ఉన్నది.

పార్లమెంటు 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి అధికరణాన్ని చేర్చినది. అది 1974 జులై 1 నుండి అమలులోనికి వచ్చెను. ముల్కీ నియమాలు రద్దయినవి. 1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించినది. మొదటి నాలుగు జోన్లు కోస్తా, రాయలసీమలవి. అయిదు, ఆరు తెలంగాణవి. దిగువ శ్రేణి గుమాస్తా, తత్సమాన పోస్టులలో 80 శాతం, అంతకు పైనున్న నాన్-గెజిటెడ్ పోస్టులలో 70 శాతం, నిర్దేశించిన గెజిటెడ్ పోస్టులలో 60 శాతం స్థానికులకు కేటాయించిరి. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు, పెద్ద ప్రాజెక్టులు దీని పరిధిలోనికి రాలేదు.

స్థానికుడు ఎవరన్న ప్రశ్నకు ఈ ఉత్తర్వు కొత్త సమాధానమిచ్చినది. పుట్టిన ఊరు, తండ్రి ఊరు లెక్కలోనికి రావు. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగు విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవాడు స్థానికుడు. ఆ కాలంలో బడిలో చదవనివానికి నాలుగేళ్ళ నివాసం చాలును. ఈ కొలత ప్రకారం బెజవాడవాని బిడ్డ వరంగల్లులో చదివి వరంగల్లు స్థానికుడు కావచ్చును. వరంగల్లువాని బిడ్డ సూరత్‌లో చదివి ఎక్కడా స్థానికుడు కాకపోవచ్చును. పాఠశాల రికార్డు నెత్తురుకంటె బలమైన సాక్ష్యమైనది. బమ్రోలి బాలుని కథ ఇక్కడ మొదలగును.

తీర్పరి ఎవరు?

371-డి అధికరణపు మూడవ క్లాజు కింద ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునల్ 1976 జులై 1న పనిచేయ నారంభించెను. దేశమంతటికీ ఇట్టి ట్రిబ్యునళ్ళను ఉద్దేశించిన 323-ఎ అధికరణం 1976 నాటి 42వ సవరణతో వచ్చినది. కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ 1985లో ఏర్పడినది. కనుక ఉద్యోగుల ఫిర్యాదులకు ప్రత్యేక న్యాయపీఠమన్న ఆలోచన రాజ్యాంగంలోనికి తొలుత తెలుగునాటి తగాదా నుండి ప్రవేశించినది.

అయితే అయిదవ క్లాజులో ఒక మెలిక ఉండెను. ట్రిబ్యునల్ తుది ఉత్తర్వు ప్రభుత్వం ధ్రువీకరించిన తరువాతనో, మూడు నెలలు గడచిన తరువాతనో అమలులోనికి వచ్చును. ఆ లోగా ప్రభుత్వం, కారణాలు వ్రాసి, ఆ ఉత్తర్వును మార్చవచ్చును. రద్దు కూడా చేయవచ్చును. అనగా గుమాస్తా ప్రభుత్వంపై ఫిర్యాదు చేసి గెలిచినను, ఓడిన ప్రభుత్వమే ఆ గెలుపును చెరిపివేయగలదు.

పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో ఈ క్లాజును కొట్టివేసెను. ప్రతి సేవా వివాదంలోనూ ప్రభుత్వమే ప్రతివాది. తనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పును తానే రద్దుచేసుకొనే అధికారం చట్టబద్ధ పాలనకు విరుద్ధమని, రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని దెబ్బతీయునని న్యాయస్థానం ప్రకటించినది. ఉద్యోగ వివక్షపై ఫిర్యాదుల చరిత్రలో ఈ తీర్పుకు విశేష స్థానమున్నది. తరువాత 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో, ట్రిబ్యునళ్ళ తీర్పులు హైకోర్టు డివిజన్ బెంచి సమీక్షకు లోబడి ఉండునని సుప్రీంకోర్టు నిర్ణయించెను.

తీర్పరి స్వతంత్రుడైనంత మాత్రాన న్యాయం చేతికందదు. కాలం కూడా కలసిరావలెను. తెలంగాణ ఎన్జీవోల సంఘం విజ్ఞప్తులపై అధికారుల సంఘం పరిశీలన జరిపిన పిమ్మట, ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985 డిసెంబరు 30న 610వ నంబరు ఉత్తర్వు జారీ చేసెను. అయిదు, ఆరు జోన్లలో రాష్ట్రపతి ఉత్తర్వుకు విరుద్ధంగా నియమితులైనవారిని 1986 మార్చి 31లోగా తమ జోన్లకు పంపివేయవలెనని అందులో ఉన్నది. మూడు నెలల గడువు పెట్టిన ఆ పని పదిహేనేళ్ళ తరువాత కూడ పూర్తి కాలేదు. 2001లో ప్రభుత్వం జె.ఎం. గిర్‌గ్లానీతో ఏకసభ్య కమిషన్ నియమించినది. 2004లో తుది నివేదిక వచ్చినది. స్థానికుల వాటా పోగా మిగిలిన 20 శాతం అందరికీ తెరచిన పోటీ అని, అది స్థానికేతరులకు ప్రత్యేకించినది కాదని ఆ కమిషన్ ఎత్తిచూపినది. ఉత్తర్వులోని ఒక అంకెను కార్యాలయాలు తప్పుగా చదువుటచే ఎన్ని కొలువులు చేతులు మారునో ఈ ఒక్క అంశము తెలుపును.

1985లో ముప్పైయేళ్ళ వయస్సులో ఫిర్యాదు చేసిన గుమాస్తా 2004 నాటికి యాభైకి సమీపించి ఉండును. అతని ప్రమోషన్ ఆగినచోటనే ఆగినది. అతని జూనియరు అధికారియై పదవీ విరమణకు సిద్ధమగుచున్నాడు. సీనియారిటీ జాబితాలోని ఒక వరుస సంఖ్య ఒక కుటుంబపు జీతం, పెన్షను, పిల్లల చదువులను నిర్ణయించును. ఆలస్యమైన విచారణ ఆ సంఖ్యను మార్చవచ్చును గాని గడచిన సంవత్సరాలను తిరిగి ఇవ్వజాలదు. 2009 అక్టోబరులో హైదరాబాదు పోలీసు నియామకాలపై వచ్చిన తీర్పు, నగరం ఎవరికీ స్థానికం కాని 'ఫ్రీ జోన్' అయినదన్న ఆందోళనకు కారణమై, ప్రత్యేక తెలంగాణ ఉద్యమపు కొత్త ఘట్టానికి నిప్పురవ్వ అగుట ఆ పాత చరిత్రకు కొనసాగింపే.

స్త్రీలు, వికలాంగులు

ప్రాంతపు తగాదా నడుమ మరొక అసమానత చాలాకాలం మరుగున పడినది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్త్రీ పురుషులిరువురూ సమానంగా తగిన పోస్టులలో, ఇతర అర్హతలు సమానమైనప్పుడు, కనీసం 30 శాతం వరకు స్త్రీలకు ప్రాధాన్యమిచ్చే 22-ఎ నియమాన్ని చేర్చెను. ఇది పురుషులపై లింగ వివక్ష అని ఒక అభ్యర్థి ఫిర్యాదు. పి.బి. విజయకుమార్ కేసులో సుప్రీంకోర్టు 1995లో ఆ నియమాన్ని సమర్థించెను. స్త్రీలకు ప్రత్యేక సదుపాయం కల్పింపవచ్చునన్న 15(3)వ అధికరణం సర్కారు కొలువులకూ వర్తించునని, సమానావకాశపు ద్వారం వద్దకు స్త్రీని చేర్చుట సమానతలో భాగమేనని దాని తాత్పర్యం.

కొలువు దొరికిన తరువాత కార్యాలయంలో గౌరవంగా పనిచేయగలుగుట మరొక హక్కు. 1997 నాటి విశాఖ తీర్పు, దాని తరువాత 2013 నాటి చట్టం, పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి కార్యాలయంలో స్త్రీ అధ్యక్షతన అంతర్గత ఫిర్యాదుల సంఘం ఉండవలెనని నిర్దేశించినవి. ఘటన జరిగిన మూడు నెలలలోగా ఫిర్యాదు, తొంబది రోజులలోగా విచారణ ముగింపు, సంఘంలో బయటి సభ్యురాలు లేదా సభ్యుడు, పేర్ల గోప్యత దాని ముఖ్య లక్షణాలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమింపవలెనని, అతడు ఫిర్యాదుల రిజిస్టరు ఉంచి రెండు వారాలలో విచారింపవలెనని చెప్పుచున్నది. ఆ చట్టం కొలువులలో వారి వాటాను 3 నుండి 4 శాతానికి పెంచినది.

ఈ చట్టాలలో సాంబమూర్తి తీర్పు నేర్పిన పాఠం ప్రతిఫలించుచున్నది. ఫిర్యాదుకు గురియైనవాడే విచారణకర్త కారాదు. గడువు వ్రాతలో ఉండవలెను. రిజిస్టరులో నమోదు కావలెను. అంతర్జాతీయంగా చూచినను దారి ఇదే. ఉద్యోగ వృత్తులలో వివక్షపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో చేసిన 111వ ఒడంబడికను భారతదేశం 1960లో ఆమోదించినది. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ఇట్టి ఫిర్యాదులకు ప్రత్యేక కమిషన్‌నే ఏర్పరచినది. నివాసాన్ని, చదివిన బడిని ఆధారం చేసుకొని సమానతను కొలిచే ప్రయత్నం మాత్రం తెలుగునేల ప్రత్యేక అనుభవం.

మళ్ళీ బమ్రోలికి

2014లో రాష్ట్రం రెండైనది. పునర్వ్యవస్థీకరణ చట్టపు 97వ సెక్షను 371-డి అధికరణాన్ని రెండు రాష్ట్రాలకూ వర్తింపజేసినది. తెలంగాణ కోరికపై 2018లో వచ్చిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు జిల్లా, జోన్, బహుళ జోన్ల శ్రేణులను ఏర్పరచి, వాటి ప్రత్యక్ష నియామకాలలో 95 శాతం స్థానికులకు కేటాయించినది. ఒకటి నుండి ఏడవ తరగతి వరకు నాలుగేళ్ళు చదివినచోటు స్థానికతకు కొలత అయినది. బాల్యంలో తండ్రి వెంట వలస పోయిన బిడ్డకు ఈ కొలత మరింత కఠినమైనది. చదువు చివరి దశలో తిరిగివచ్చినను ప్రయోజనముండదు. 2021లో వచ్చిన 317వ నంబరు ఉత్తర్వు ప్రకారం ఉన్న ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచినప్పుడు, సీనియారిటీ ఆధారంగా సొంత జిల్లా విడిచి పోవలసివచ్చినవారు ఫిర్యాదులు దాఖలు చేసిరి. నాటి ట్రిబ్యునల్ తెలంగాణలో 2016లో, తరువాత ఆంధ్రప్రదేశ్‌లోనూ ముగిసినందున, ఆ ఫిర్యాదులు హైకోర్టు తలుపు తట్టవలసివచ్చినవి.

వలస వెళ్ళినచోటనైనా రక్షణ వెంట వచ్చునా? 1990 మే 2న మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు దీనికి సమాధానమిచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిన సముదాయపు విద్యార్థి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగి, మహారాష్ట్రలో ఆ హోదా కోరెను. ఒక రాష్ట్రంలోని సామాజిక పరిస్థితిని బట్టి ఇచ్చిన గుర్తింపు మరొక రాష్ట్రానికి దానంతట అది వెంట రాదని న్యాయస్థానం చెప్పినది. తర్కం గట్టిదే. గమ్యరాష్ట్రంలోని బలహీనుల వాటాను కాపాడవలసిన బాధ్యత ఆ తీర్పు వెనుక ఉన్నది. ఈ రెండు నియమాలను ఒకదాని పక్కన మరొకటి ఉంచి చూచినప్పుడు మాత్రం, వలస కుటుంబపు బిడ్డ పుట్టింటి వాటాకు దూరమై, మెట్టింటి వాటాకు చేరక నిలిచిపోవుట కనిపించును.

ముల్కీ నియమం పదిహేనేళ్ళు నిలిచిన వలసజీవికి తలుపు తెరచినది. నేటి నియమం బాలుని బడి ఎక్కడ ఉన్నదని మాత్రమే అడుగుచున్నది. స్థానికుల రక్షణ అక్కరలేదని దీని అర్థం కాదు. 1952, 1969 సంవత్సరాలలో ప్రాణాలర్పించిన యువకులు కోరిన న్యాయం నిజమైనది. మూడు ముల్లెలు కట్టుకొని రైలెక్కిన నేతన్న కూడ అదే జిల్లాల పేదరికం నుండి వెళ్ళినవాడే. అతని బిడ్డ ఫిర్యాదును ఏ కౌంటరులో స్వీకరింపవలెనో ఏ నియమావళిలోనూ లేదు. తెలుగునాట సమానావకాశపు చరిత్ర ప్రతి తరంలో లెక్కలోనికి రాని ఒకనిని కనుగొని, అతని కోసం ఒక తలుపు తెరచుచు ముందుకు సాగినది. బమ్రోలిలో మరమగ్గం నడుపుచున్న తండ్రి, తెలుగు బడిలో కూర్చొన్న కుమారుడు ఆ తలుపు కోసం ఇంకను ఎదురుచూచుచున్నారు.